స్వతంత్ర బ్లాగరుకు సన్మానం

నిడదవోలు యువ బ్లాగర్లు ఏ రాజకీయ ప్రభావానికీ లోనుకాని పూర్ణ స్వతంత్రులని అధికార పార్టీ పట్టణ కార్యాలయం ఇటీవల అధికారికంగా ప్రకటించింది. ప్రతిపక్షం దీన్ని తీవ్రంగా ఖండించింది. ఆ స్వాతంత్ర్యం తాము పెట్టిన భిక్ష అనీ, దాన్ని ఇతరులు కాజేస్తే ఊరుకోబోమనీ నడిరోడ్డు మీద బైఠాయించింది. ఇంత మంది కాపలా కాసే స్వాతంత్ర్యం ఈ చుట్టుపక్కల మరెక్కడా లేదు.

దీనికంతటికీ మూలం ఒక చేపపిల్ల. రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఉండే వినీల డిగ్రీ పూర్తిచేసి, ఊరి సంగతులతో ఫోన్లో బ్లాగు రాసుకుంటూ ఉండేది. ఒకరోజు పొద్దున్న కుళాయి తిప్పితే, నీళ్ళతో పాటు చేపపిల్ల కూడా బిందెలోకి దిగింది. వినీల దాని ఫోటో పెట్టి, పైపు ఎక్కడో పగిలి మంచినీళ్ళలో చెరువు నీళ్ళు కలుస్తున్నాయనీ, వీధిలో పిల్లలకు వాంతులవుతున్నాయనీ రాసింది. సాయంత్రానికి ఊరంతా ఆ చేపను దర్శించుకుంది.

ప్రతిపక్ష నాయకుడు రమేష్ బాబు గారు వెంటనే విచ్చేసి "వినీల మా పిల్ల" అని ప్రకటించారు. ఆమెను అంతకుముందు చూసి ఉండకపోవడంతో పక్కింటి అమ్మాయి తల నిమిరి వెళ్ళారు. అధికార పార్టీ పట్టణ అధ్యక్షుడు శ్రీనివాసరాజు గారు ఇంకా దూరదృష్టి కలవారు. చేప బతికి వచ్చిందంటే నీళ్ళు ఎంత స్వచ్ఛమైనవో ఆలోచించుకోమని విలేకరులను నిలదీశారు. కుళాయిల్లో రొయ్యలు కూడా వచ్చేందుకు కృషి చేస్తామన్నారు. ఆపైన స్వయంగా వినీల ఇంటికి వచ్చారు.

"అమ్మాయి స్వతంత్రంగా రాస్తోంది. మాకెంతో గర్వంగా ఉందండి," అన్నారు వినీల తల్లి ప్రసన్నకుమారితో. "ఆదివారం మీ చర్చి అయ్యాక సభ పెట్టి సన్మానం చేస్తాం. ఏం మాట్లాడాలో మావాళ్ళే రాసిస్తారు. చిన్నపిల్ల, ఇబ్బంది పడకూడదు కదండి."

"నా మాటలు నేనే చెప్పుకుంటానండి," అంది వినీల.

"తప్పకుండా నువ్వే చెప్పుకోవాలమ్మా! రాసిచ్చాక చెప్పుకో." గుమ్మం దాటబోతూ ఆయన ఆగారు. "అన్నట్టు, ప్రసన్నకుమారి గారూ, మీరు గవర్నమెంట్ ఆఫీసులో క్లర్కు కదా! పోలవరం గాలి మీకు పడుతుందాండి?"

నాయకుడన్నవాడికి ప్రజల ఆరోగ్యం మీద ఆ మాత్రం శ్రద్ధ ఉండాలి.

ఆ పూట వినీలకు అన్నం సహించలేదు. తల్లి కంచం ముందుకు జరిపింది. "ఏంటే ఆ మొహం? పోలవరానికి బస్సు లేదా ఏంటి? ఎదురింటి పిల్లాడికి మళ్ళీ వాంతులట. నీకు తోచింది చెయ్యి."

ఆదివారం సభ దివ్యంగా జరిగింది. ఫ్లెక్సీలో రాజుగారి చెవి కింద, చెవిపోగంత సైజులో వినీల ఫోటో వేశారు. ఎండ మండిపోతున్నా యువ బ్లాగర్లందరికీ పార్టీ కండువాలు కప్పారు. స్వతంత్రులకు చలి ఎక్కువట. రాజుగారు మైకు అందుకుని, "ఈ యువత మా మాట తప్ప ఎవరి మాటా వినదు! అదండీ స్వాతంత్ర్యమంటే!" అని గర్జించారు.

తర్వాత వినీల లేచింది. రాసిచ్చిన కాగితం విప్పి, అక్షరం పొల్లుపోకుండా చదవడం మొదలుపెట్టింది.

"నన్ను రాయమని ఎవరూ చెప్పలేదు. చదవమని ఎవరూ చెప్పలేదు. ఇక్కడ గొంతు పూడుకుపోవాలి."

ముందు వరసలో ఒకాయన కండువాతో కళ్ళొత్తుకున్నారు.

"ఇక్కడ చప్పట్లు."

ముందు వరసలు అలవాటుగా చప్పట్లు కొట్టాయి.

"ఇక్కడ నాయకులు వినయంగా తల వంచుతారు."

రాజుగారు వినయంగా తల వంచారు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందుకు పాకి కుర్చీలు ఊగిపోయాయి. కాగితంలో విషయం అంతటితో అయిపోయింది. వినీల మాత్రం దానివైపే చూస్తూ, గొంతు పెంచి చదివింది.

"ఇక్కడ నాయకులు లేచి, శుక్రవారంలోగా కొత్త పైపు వేయిస్తామని మాటిస్తారు."

రాజుగారు లేచారు. "శుక్రవారంలోగా కొత్త పైపు వేయిస్తామని మాటిస్తున్నాను!" అన్నారు. అన్నాక ఆలోచించారు. అప్పటికే ఊరి ఫోన్లన్నీ ఆయన్ను రికార్డు చేసేశాయి. ఈసారి చప్పట్లు ఎవరూ చెప్పకుండానే మోగాయి. గోడ అవతల ధర్నా చేస్తున్న ప్రతిపక్షం కూడా పొరపాటున కొట్టి, తర్వాత ఖండించింది.

అన్న మాట ప్రకారం పైపు వేశారు. వెనకే పరిపాలనా సౌలభ్యం కోసమంటూ ప్రసన్నకుమారికి పోలవరం బదిలీ వచ్చింది. బస్సు ఎక్కిస్తూ వినీల కళ్ళు తుడుచుకుంటే, తల్లి కిటికీలోంచి, "ఏడవకే, పిచ్చిమొహమా! ఆ వీడియో నా ఫోనుకి పంపు, కండక్టర్ గారికి చూపిస్తాను," అంది.

వినీల ఇంటికి వచ్చేసరికి వీధిలో అందరూ నీళ్ళు పట్టుకుంటున్నారు. పక్కింటి సుబ్బాయమ్మ గారు బిందె దించి పలకరించారు.

"నీళ్ళు అద్దంలా ఉన్నాయమ్మాయ్! ఇంతకీ నువ్వు ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదండి."

"చెప్పకూడదంటే మానెయ్, తల్లీ. అబద్ధమెందుకు?"

బిందెలు నిండేలోపు వీధి ఏకగ్రీవంగా తేల్చేసింది. వినీల వెనక ఇంకా పేరు పెట్టని మూడో పార్టీ ఏదో ఉంది.

అన్నట్టు, ఈ కథ రాసినవాడు ఎవరి తాలూకో మీరు మొదటి పేరాలోనే తేల్చేసుకుని ఉంటారు. కాస్త మాకూ చెబుదురూ, తెలుసుకుంటాం.