పర్కిస్ గారి పెరట్లో బాంబు

ఆ శనివారం విన్నీ పర్కిస్ పెట్టుకున్నది ఒక్కటే పని: అద్దె వసూలుకు ఇంటి యజమాని వచ్చేలోగా దుప్పట్లు ఉతికి ఆరేయడం. లండన్ మీద రాత్రంతా జర్మన్ బాంబులు పడినా, తెల్లారితే ఉతుకు ఉతుకే. నీళ్ళోడుతున్న దుప్పట్లన్నీ వంటింటి కప్పుకు వేలాడే దండెం మీద వేసి, గిలక తాడు లాగింది. దండెం పైకి పోవడానికి బదులు కప్పు పెచ్చులే కిందికొచ్చాయి.

ఇంట్లో ఏది పాడైనా అద్దెకున్నవాళ్ళే బాగుచేయించాలని ఒప్పందం. పోయిన నెల కిటికీ విరిగినప్పుడే, ఇంకోసారైతే ఖాళీ చేయాల్సిందేనని ఇంటాయన గ్రూంబ్రిడ్జ్ తేల్చిచెప్పాడు. సగం ఊరు కూలి ఉండగా ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

పక్కింటి డాట్ గోడ మీంచి ఉపాయం చెప్పింది. "బాంబు వల్లనని చెప్పవే. యుద్ధంలో పాడైనదానికి మన పూచీ లేదట, చట్టమే ఉంది."

ఇంటాయన వచ్చాడు. విన్నీ బాంబన్నది. ఆయన మేడెక్కి చూస్తే పెంకు ఒక్కటీ చెదరలేదు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి వంద కావాలంటారు. విన్నీకి చేతికందింది ఒక్కటే.

"పెరట్లో పడిందండీ. పేలలేదు. ఆ అదురుకి..."

గ్రూంబ్రిడ్జ్ ముఖం పాలిపోయింది. ఆ వరసలో ఇళ్ళన్నీ ఆయనవే. వీధిలోకి పరుగెత్తి కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. కాసేపట్లో వీధి వీధంతా చర్చి హాల్లో ఉంది, సైనికులు విన్నీ క్యాబేజీ మడిలో పారలతో ఉన్నారు. సగం ఉడికిన పుడ్డింగు గిన్నె ఒళ్ళో పెట్టుకుని డాట్ గొణిగింది.

"పెచ్చులకి చెప్పమన్నానే తల్లీ, వీధిని ఖాళీ చేయించమన్నానా?"

విన్నీ టీ కప్పు పక్కన పెట్టేసింది. తన దుప్పట్ల పాపానికి ఎవరి బిడ్డలో ప్రాణాలకు తెగించి తవ్వుతున్నారు. నిజం చెప్పేద్దామని లేచింది. అంతలో సార్జెంటు మట్టి చేతులతో లోపలికి వచ్చాడు.

"బాంబుందని చెప్పిందెవరమ్మా? దొరికింది, నిలువు లోతున. మీ పుణ్యమా అని వీధి మిగిలింది."

తడి దుప్పటికి దణ్ణం పెట్టాలనిపించడం విన్నీకి అదే మొదటిసారి. డాట్ ఆమెను కావలించుకుని ఏడ్చింది. గ్రూంబ్రిడ్జ్ ఆమె రెండు చేతులూ పట్టుకుని, కప్పు తనే బాగుచేయిస్తానన్నాడు.

మేస్త్రీలంతా యుద్ధానికి పోయారు కనుక, సోమవారం ఆయనే నిచ్చెనెక్కి కప్పుకు సున్నం మెత్తసాగాడు. నిచ్చెన పట్టుకున్న విన్నీ ఆ మంచితనానికి తట్టుకోలేకపోయింది.

"అయ్యా, కప్పు కూలింది బాంబుకి కాదండీ."

ఆయన తాపీ ఆపలేదు.

"ఆ రోజే చూశానమ్మా. ఈసారి దుప్పట్లు గట్టిగా పిండి ఆరేయండి."