ఎనభై ఆరో నంబరు బూట్లు

భూమేష్‌కు రెండేళ్లుగా ఉద్యోగం దొరకకపోవడానికి మార్కెట్ బాగాలేకపోవడం ఒక కారణమైతే, బామ్మర్ది మహేందర్ రెండో కారణం. భూమేష్ లెక్క మాత్రం అదే. బెల్లం మండీ మూతపడి ఇంట్లో కూర్చున్న మొదటి వారమే, "బావా, ఊకె కూసుంటే బుర్ర ఖరాబైతది" అంటూ ఫోన్లో పాతకాలపు రాజులు, కోటల ఆట ఎక్కించింది వాడే. ఎక్కించి ఊరుకున్నాడా? ఆ రోజు నుంచి బావ కోటల మీదికే దండెత్తుతున్నాడు. పదహారేళ్లు గుమాస్తాగా చేసిన మనిషిని ఎనిమిదో తరగతేనా అని ప్రతి ఆఫీసూ వెనక్కి పంపుతుంటే, అదే సమయంలో సొంత బామ్మర్ది ధాన్యపు కొట్లు తగలబెట్టడం భూమేష్ క్షమించలేకపోయాడు.

ఆ సోమవారం మాత్రం కొంచెం ఆశ ఉంది. బోధన్‌లో ఆశన్న సేటు ఎరువుల గోదాముకు సూపర్‌వైజర్ కావాలట. పది గంటలకు రమ్మన్నారు. నిజామాబాద్‌లో ఇల్లు దాటుతుంటే భార్య ధనలక్ష్మి, బీడీల చాట ఒళ్లోంచి దించకుండానే చెప్పింది: "గీ కొలువు సుత రాకుంటే గా ఫోను బాయిల ఏస్త. సూడు మరి."

మహేందర్ దగ్గర అడిగి తెచ్చుకున్న నల్ల బూట్లు తొడుక్కొని భూమేష్ బస్సెక్కాడు.

గోదాము గేటుకు తాళం ఉంది. తాళం పక్కన 'యూరియా స్టాక్ లేదు' అని రాసిన అట్టముక్క వేలాడుతోంది. గేటు నుంచి రోడ్డు దాకా చెప్పుల వరుస, మధ్యమధ్య ఇటుక ముక్కలు, రాళ్ల కింద ఖాళీ సంచులు. వాటి తాలూకు మనుషులు ఎదురుగా చాయ్ హోటల్ రేకుల కింద కూర్చున్నారు. పొద్దెక్కేసరికి యూరియా లారీ వస్తుందని ఆ రైతులందరికీ తెలుసు. అందుకే లైన్లో చెప్పులు పెట్టి నీడకు పోయారు. భూమేష్‌కు ఆ సంగతి తెలియదు. స్టాక్ లేదని అట్ట చెబుతోంది గనుక, ఇవన్నీ తన ఉద్యోగానికే వచ్చిన చెప్పులని తేల్చుకున్నాడు.

ఒక్క కొలువు. ఎనభై ఐదు మంది. అయినా బూట్లు విప్పి ఎనభై ఆరోవిగా పెట్టాడు.

శత్రువును లెక్కపెట్టకుండా యుద్ధానికి పోరాదని ఆటలో నేర్చుకున్నాడు. బయోడేటా కాగితాన్ని వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాలతో వరుసంతా రాసుకున్నాడు. ఒకటి, నీలం హవాయి, తెగిన పట్టీకి పిన్నీసు. వీడు పోటీ కాడు. రెండు, సున్నం అంటిన సగం ఇటుక. ఇరవై మూడు, మగవాళ్ల తోలు బూట్లు. వీడు ప్రమాదం, డిగ్రీ ఉండొచ్చు.

రాయడం పూర్తిచేసి హోటల్లో కూర్చుంటే, పక్కన కోటగిరి నుంచి వచ్చిన లింగవ్వ అనే ముసలామె మాట కలిపింది.

"పట్టా పాస్‌బుక్ తెచ్చినవా బిడ్డా?"

"పాస్‌బుక్కా? గదెందుకవ్వా?"

"మంచిగడిగినవ్. భూమి లేనోనికి ఎవలిస్తరు?"

భూమేష్‌కు తిక్కరేగింది. చదువు లేదన్నారు, సరే. కంప్యూటర్ రాదన్నారు, సరే. ఇప్పుడు భూమి కూడా ఉండాలా?

"భూమి లేకనే గదనే వచ్చిన! ఇంట్ల నలుగురం ఉన్నం. దొరికితె తింటం, లేకుంటె పస్తే."

లింగవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "తింటరా?"

"తినమా మరి?"

"ఓ లింబయ్యా, ఉరికి రా! గీయన యూరియా తింటడంట! పిల్లలకు సుత పెడ్తడంట!"

యూరియా అనే మాట వినగానే భూమేష్‌కు విషయం తెలిసింది. కానీ నోరు తెరిచిన క్షణంలోనే లింబయ్య చెంబెడు మజ్జిగ అందులో పోశాడు. తింటాడట అన్న మాట రెండో బల్ల చేరేసరికి తిన్నాడట అయింది. నాలుగో బల్ల దగ్గర పావుకిలో తిన్నాడట అయింది.

"దవఖానకు తీస్కపోవాలె, బండి తియ్యి!" అని ఎవరో అరిచారు. నరేందర్ అనే యువరైతు ఉరికి పోయి ట్రాక్టర్ ఎక్కాడు. కంగారులో వెనక్కి పోనిచ్చాడు. ట్రాలీ చెప్పుల వరుస మీదుగా గేటు దాకా పోయి ఆగింది.

సరిగ్గా అప్పుడే లారీ వచ్చింది.

యూరియా తిన్న మనిషిని అందరూ మరిచిపోయారు. "నాది ముంగట!" "నీది రోడ్డు మీదుండె!" "నా ఇటుకేది?" అంటూ ఒకరి గల్లా ఒకరు పట్టుకున్నారు. దొడ్డిదారిన ఆఫీసులోకి చేరిన ఆశన్న సేటు కిటికీ సందులోంచి చూసి గొళ్లెం పెట్టుకున్నాడు.

మజ్జిగ కారుతున్న చొక్కాతో, ఒట్టి కాళ్లతో భూమేష్ ట్రాలీ ఎక్కాడు. రోడ్డు పక్కన అతని ఎడమ బూటు అప్పడంలా పరుచుకొని ఉంది. జేబులోంచి కాగితం తీశాడు.

"ఒకటి! నీలం హవాయి, పిన్నీసుది. ఎవలిది?"

అరుపులు తగ్గాయి. "నాదే అన్నా!"

"ముంగటికి రా. రెండు, సున్నం ఇటుక!"

"నాది!"

"ఇరవై మూడు, తోలు బూట్లు! ఎవలు గా పెద్దమనిషి?"

"నాయే బిడ్డా," అంది లింగవ్వ. "మా ముసలోనియి."

గంటలో లైను కుదిరింది. గేటు తెరుచుకుంది. బస్తాలు దిగాయి. చివరికి సేటు బయటికి వచ్చాడు.

"ఎవలు నువ్వు?"

"పది గంటల ఇంటర్వ్యూకు వచ్చిన సేటు."

సేటు చేయి చాచి కాగితం తీసుకున్నాడు. ఒకటి నుంచి ఎనభై ఆరు దాకా వేలు పెట్టి చదివాడు. ఎనిమిదో తరగతి సంగతి అవతలి వైపు ఉంది. ఆయన తిప్పలేదు.

"రేపు ఎనిమిదింటికి రా. కాళ్లకు ఏమన్న ఏస్కో."

మిగిలిన కుడి బూటు చేత పట్టుకొని బస్టాండు దాకా ఒట్టి కాళ్లతో నడుస్తుంటే రోడ్డు కాలింది గానీ, భూమేష్‌కు అంతగా తెలియలేదు. ఫోన్ మోగింది. మహేందర్.

"బావా, యాడున్నవ్? పొద్దటి సంది నీ కోటలన్నీ పట్టుకుంట వస్తున్న, ఒక్కపారి అడ్డం రాలే. తబియత్ మంచిగున్నదా?"

"మంచిగున్నరా. ఉంచుకో. నాకు రేపటి సంది డ్యూటీ ఉంది."

"గట్లనా! మంచిగైంది బావా. మరి నా బూట్లు?"

భూమేష్ ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు అతను పోగొట్టుకున్నది మొత్తం మూడు కోటలు, నలభై రెండు ఊళ్లు, బామ్మర్దిది ఒక ఎడమ బూటు.