అధికారి ముందు జబ్బుపడని ఎలుక

పెంపుడు ఎలుకలకు కూడా జబ్బుపడే హక్కు ఉందని ప్రభుత్వం ఎట్టకేలకు ఒప్పుకుంది. కాకపోతే ఆ జబ్బు పని వేళల్లో, అధికారి కళ్లెదుట పడాలి. ఇంట్లో పడితే దాన్ని గృహలక్షణం అంటారు. గృహలక్షణాలకు మందులివ్వరు.

ఈ సంగతి కాలరమ్మకు తెలీదు. చొక్కాల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కాలర్లే కుడుతోంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది (అసలు పేరు జీతాల కంప్యూటరుకు తెలుసు, అదీ తప్పుగా). ఆ రోజు సెలవు పెట్టి, కూతురు పెంచుకుంటున్న బఠాణీ అనే ఎలుకను చెప్పుల అట్టపెట్టెలో పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి వచ్చింది.

బఠాణీకి బాగాలేదని కనిపెట్టింది ఆ చిన్నదే. ఎప్పుడూ ఒళ్లు నున్నగా దువ్వుకునే ఎలుక, బొచ్చు నిక్కబొడుచుకుని, వీపు వంచుకుని ఓ మూల కూర్చుంటోంది. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గరా ఎర్రటి మరకలు. రక్తమేమోనని కాలరమ్మ హడలిపోయింది. రక్తం కాదు, ఒంట్లో నలతగా ఉంటే ఎలుకలకు అలా ఎర్రనీళ్లు కారతాయని చిన్నది చెప్పింది. అంతటితో ఆగక ఎలుకను తల్లి చెవికి ఆనించింది.

"విను. ఊపిరి తీసినప్పుడల్లా లోపల టిక్కుమంటోంది."

కాలరమ్మ విన్నది. మిషన్లో సూది విరగబోయే ముందు అచ్చం అలాగే చప్పుడొస్తుంది.

ఆసుపత్రిలో డాక్టరు లేకపోలేదు. కానీ ఆయన దగ్గరికి వెళ్లాలంటే ముందు లక్షణ నిర్ధారణాధికారి చేత 'జబ్బు కలదు' అనే ముద్ర వేయించుకోవాలి (డాక్టరుకు చదువుంది గాని ముద్ర లేదు). అందుచేత డాక్టరు గది తలుపు బార్లా తెరిచి ఉంది, ఆయన ఈగల్ని చూస్తూ కూర్చున్నాడు. అధికారి గది ముందు మాత్రం వరండా చివరిదాకా జనం.

వరుసలో ముందున్న పెద్దాయన ముసలి కుక్కను ఎత్తుకుని ఉన్నాడు.

"మాది ఆ గుమ్మం దాటిందంటే చాలమ్మా, తోక ఊపుతుంది. ఆరోగ్యంగా ఉందని పంపేస్తారు. ఈసారి దారి పొడుగునా తిట్టి మరీ తీసుకొచ్చాను."

"ఇప్పుడు ఊపట్లేదా?"

"ఊపుతోంది."

కాలరమ్మ నవ్వబోయి దగ్గింది. చప్పున నోరు మూసుకుని అటూ ఇటూ చూసింది. ఇది ఫ్యాక్టరీ కాదని గుర్తొచ్చి చెయ్యి తీసేసింది.

వాళ్ల వంతు వచ్చింది. చిన్నది బఠాణీని బల్ల మీద పెట్టింది. కొత్త మనిషి వాసన తగిలిందో లేదో, బఠాణీ లేచి నిలబడింది. ముందుకాళ్లతో మొహం శుభ్రంగా తుడుచుకుంది. ఎర్రమరకలు కాస్తా పోయాయి. బొచ్చు సర్దుకుని, వీపు నిటారుగా పెట్టి, ఉద్యోగానికి వచ్చిన కుర్రాడిలా అధికారి కేసి చూసింది.

"భేషుగ్గా ఉంది," అన్నాడు అధికారి.

"దాచుకుంటోందండీ," అంది చిన్నది. "ఎలుకలంతే. నీరసంగా ఉన్నట్టు కనబడితే ఏ పిల్లో ముందు దాన్నే పట్టుకుపోతుందని భయం. పెద్దవాటి ముందు బాగున్నట్టే ఉంటాయి."

"దాచడం నేరం పాపా. లక్షణం తనంతట తాను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా కనబడాలి. నిబంధన."

"ఫోన్లో వీడియో ఉందండీ."

"వీడియోలో నేనున్నానా?"

"లేరు."

"మరి?"

కాలరమ్మ ముందుకు వంగింది. "ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుని వినండి బాబూ. లోపల చప్పుడు తెలుస్తుంది."

"అమ్మా, మాది చూసే శాఖ. వినే శాఖ వేరు."

"అదెక్కడండీ?"

"ఇంకా తెరవలేదు."

కాలరమ్మకు దగ్గు తన్నుకొచ్చింది. అలవాటు కొద్దీ మింగేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీకేమైనా ఇబ్బందా?" అన్నాడు అధికారి, ముద్ర సిరాలో అద్దుతూ.

"అబ్బే, నాకేంటండీ. బాగానే ఉన్నాను."

'ఆరోగ్యము' అని ముద్ర పడింది. వరండాలోకి రాగానే బఠాణీ పెట్టెలో ముడుచుకుపోయి మళ్లీ టిక్కుమనడం మొదలుపెట్టింది. చిన్నది పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్లింది. తలుపు మీద 'భోజన విరామము. ఈ సమయమున పడిన జబ్బులు పరిగణింపబడవు' అని బోర్డు వేలాడుతోంది.

బస్సులో చిన్నది ఒళ్లో పెట్టె పెట్టుకుని, తల్లి గుండెల మీద తల వాల్చింది. కాసేపటికి తలెత్తింది.

"అమ్మా, నీలో కూడా టిక్కుమంటోంది."

"బస్సు చప్పుడే."

"బస్సు ఆగి ఉందే."

కాలరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆరోగ్య పర్యవేక్షకుడు అని ఒకాయన ఉంటాడు. దగ్గేవాళ్లను విశ్రాంతి తీసుకోమని ప్రేమగా ఇంటికి పంపుతాడు. మళ్లీ రమ్మని ఎవరూ కబురు పెట్టరు. పక్క మిషన్ ఆవిడ అలాగే వెళ్లింది. ఇప్పటికీ విశ్రాంతి తీసుకుంటూనే ఉంది.

"రేపు మనం మళ్లీ వెళ్దామా?" అంది చిన్నది.

"బఠాణీ కోసమైతే వెళ్దాం. నా సంగతి ఎక్కడా అనకు."

మర్నాడు ముందు పనికి హాజరు వేయించుకుని, మధ్యాహ్నం అడిగి బయటపడదామనుకుంది. గేటు ఇంకాస్త దూరం ఉందనగా కాలరమ్మ ఆగింది. మొహం తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. వీపు నిటారుగా పెట్టి, ఊపిరి బిగబట్టి నడిచింది.

పర్యవేక్షకుడు ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు.

"భేషుగ్గా ఉన్నావు. పద."

ఆయనదీ చూసే శాఖే.