టెస్టింగులో ఉన్న రాజ్యం

ఆదివారం పొద్దున్నే కంప్యూటర్ల మెకానిక్కు షాపు షట్టరు నడుం దాకా మాత్రమే ఎత్తి లోపలికి దూరాడు. పూర్తిగా ఎత్తితే గిరాకీ వస్తుంది. అసలు ఎత్తకపోతే భార్యకి అనుమానం వస్తుంది. ఈ రెండు ప్రమాదాలకీ మధ్య, సగం చీకట్లో కూర్చుని, మధ్యాహ్నం భోజనం వేళకల్లా నల్లకోటని జయించి తీరాలని అతని ప్లాను.

ఆ షాపులో కుడి సగం అతనిది, ఎడమ సగం అతని భార్యది. ఆవిడ వెనకున్న ఇంట్లోంచి వచ్చి బట్టలు కుడుతుంది. మధ్యలో ఒక పాత కర్టెను. అటువైపు కుట్టుమిషను చప్పుడు, ఇటువైపు 'టెస్టింగు'. ఈ టెస్టింగు సంగతి కాస్త చెప్పుకోవాలి. బాగుచేసిన ఏ కంప్యూటరునీ అతను వెంటనే ఇచ్చే రకం కాదు. కస్టమరు డిస్కు తీసి పక్కన పెట్టి, తన సొంత డిస్కు తగిలించి, దాంట్లో ఉన్న ఐదు భాగాల యుద్ధాల ఆట ఆడి చూసేవాడు. మాంత్రికులూ రాక్షసులూ డ్రాగన్లూ ఒకేసారి విరుచుకుపడినా ఏ కంప్యూటరు ఆగిపోకుండా నిలబడుతుందో అది బాగైనట్టు లెక్క. పద్ధతి మంచిదే. కాకపోతే ఫ్యాను మార్చడానికి అరగంట పడితే టెస్టింగుకి వారం పట్టేది. "మా ఆయన టెస్టింగు చెయ్యందే చచ్చినా ఇవ్వరండీ" అని భార్య వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది. పాపం, ఆవిడ నిజంగానే నమ్మింది.

ఇంతకీ ఆ ఆటలో ఏముందంటారా? ఇందులో చదరంగంలోలాగ నువ్వొక ఎత్తు, నేనొక ఎత్తు అనే మర్యాదలేం లేవు. నువ్వు టీ గ్లాసు అందుకునే లోపల అవతలివాడు నీ గోడ కూల్చేస్తాడు. మరుగుజ్జుల చేత బంగారం తవ్వించాలి, కలప కొట్టించాలి, కోట కట్టాలి, సైన్యాన్ని పెంచాలి, అన్నీ ఒకేసారి. అన్నిటికీ మించిన సుఖం ఇంకొకటుంది. ఎవడి మీద వేలు నొక్కినా వాడు వంగి "ఆజ్ఞ ప్రభూ!" అంటాడు. అని ఊరుకోడు, వెళ్ళి ఆ పని చేస్తాడు కూడా! ఇంట్లో మంచినీళ్ళు అడిగితే "మీకు కాళ్ళు లేవా?" అనిపించుకునే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఏళ్ళ తరబడి కంప్యూటరు తర్వాత కంప్యూటరు మీద అతను అలా ఒక రాజ్యం కట్టుకున్నాడు. మొదటి మూడు భాగాలూ గెలిచాడు. నాలుగో భాగం చివర్లో నల్లకోట దగ్గర ఆగిపోయాడు. ఆ రాజ్యమంతా ఆ ఒక్క డిస్కులోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

సంబరంగా చేతులు రుద్దుకుంటూ అతను బల్ల మీదున్న డిస్కు అందుకున్నాడు.  అది అతని డిస్కు కాదు. దాని మీద 'హైస్కూలు టీచరమ్మగారు' అని అతని చేతిరాతే ఉంది.

నిన్న సాయంత్రం టీచరమ్మగారి ఆయన కంప్యూటరు కోసం వచ్చి "బాబూ, ఆవిడ ఇంట్లో ఎదురుచూస్తోంది, కాస్త త్వరగా" అని గుమ్మంలో నిలబడి ఒకటే బతిమాలాడు. ఆయన్ని చూసి జాలిపడి, గబగబా మూత బిగించి ఇచ్చేశాడు. జాలిపడితే ఇలాగే ఉంటుంది. రాజ్యం కాస్తా టీచరమ్మ ఇంటికి పోయింది, టీచరమ్మ ప్రశ్నపత్రాలు ఇక్కడ మిగిలాయి.

"కొంప మునిగింది!" అన్నాడు పైకే.

"ఏమైందండీ?" కర్టెను అవతల్నుంచి భార్య.

"ఏం లేదు. టెస్టింగు."

టీచరమ్మ అంటే మామూలు మనిషి కాదు. హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్. చిన్నప్పుడు ఇతనికి లెక్కలు చెప్పి, లెక్క తప్పినప్పుడల్లా చెవి మెలిపెట్టిన మనిషి. అయినా ఆ డిస్కు మీద ఆవిడ చెయ్యి పడితే తన రాజ్యం తుడిచిపెట్టుకుపోతుందన్న భయం ముందు చెవి భయం ఓడిపోయింది. ఫోను చేశాడు. ఆవిడ గొంతు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చెప్పు, త్వరగా. పరీక్షల పనుంటే ఆదివారమైనా స్కూల్లో ఉన్నాను."

"ఏం లేదు టీచర్... మీ కంప్యూటరు ఎవరూ ఆన్ చెయ్యలేదు కదండీ?"

"లేదు. సాయంత్రం వెళ్ళి రేపటి ప్రశ్నపత్రాలు ప్రింటు తియ్యాలి. ఏం?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి, ఆవిడ చెవి మెలిపెట్టే తీరు గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళిపోయింది. "లోపల చిన్న వైరొకటి... కొంచెం వేడెక్కుతుందేమోనని... నేనిప్పుడే వెళ్ళి చూస్తానండీ. అందాకా ఎవరూ ముట్టుకోకపోతే మంచిది."

"వేడెక్కితే ఏమవుతుంది?"

"ఏం కాదండీ. మహా అయితే..."

"మహా అయితే?"

ఆవిడ అడిగితే సగం జవాబుతో ఊరుకునే ధైర్యం అతనికి ఏ తరగతిలోనూ లేదు. "మహా అయితే పొగ వస్తుందండీ" అనేశాడు.

ఇక చూడండి. ఆవిడ వెంటనే ఇంటికి ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. పక్కింటావిడకి చేసి "మా ఇంట్లో కంప్యూటర్లోంచి పొగ రావచ్చుట, కాస్త చూస్తారా?" అంది. పక్కింటావిడ గోడ మీంచి ఎదురింటి డ్రైవరుతో "టీచరమ్మగారింట్లో పొగ వస్తోందిట!" అంది. డ్రైవరు వీధిలోకి పరిగెత్తి "ఇల్లంటుకుందిరోయ్!" అన్నాడు. మెకానిక్కు స్కూటరు వేసుకుని వచ్చేసరికి వీధి వీధంతా బకెట్లతో నిలబడి ఉంది. ఎవరో ఇసక కూడా తెచ్చారు. ఎక్కడా పొగ లేకపోవడం మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. తలుపు లోపల గడియ వేసి ఉంది.

"బాబూ, నువ్వేనా దీన్ని బాగుచేసింది?" అంది పక్కింటావిడ. ఆ మాటలో మెచ్చుకోలు అస్సలు లేదు.

అతను నోరు తెరిచే లోపలే ఇంట్లోంచి ధన్‌మని పేలుడు వినిపించింది. కిటికీ అద్దాలు గజగజలాడాయి.

"పేలింది! పేలిపోయింది!" అని డ్రైవరు బకెట్టు నీళ్ళు మూసిన తలుపు మీద కుమ్మరించాడు.

వెంటనే లోపల్నుంచి ఒక కేక. "గేటు మూయండ్రా! ఒక్కడు కూడా లోపలికి రాకూడదు! వస్తే తగలబెట్టెయ్యండి!"

బకెట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అది టీచరమ్మగారి ఆయన గొంతే. నోట్లో నాలుక లేని మనిషి! పాలవాడు నీళ్ళు కలిపి పోసినా "పోన్లే, దాహం తీరుతుంది" అనుకునే మనిషి!

"పొగ తలకెక్కింది" అని తేల్చేసింది పక్కింటావిడ. "అయ్యో, ఎంత మంచాయన!" అని కళ్ళొత్తుకుంది కూడా.

మెకానిక్కు ఒక్కడికే సంగతి అర్థమైంది. ఆ పేలుడు అతనికి తెలుసు. రాళ్ళు విసిరే యంత్రం కోటగోడని కొట్టిన చప్పుడది. ఆ యంత్రాలు కట్టడానికి అతనికి చలికాలమంతా పట్టింది. ఎవరో తన నల్లకోట యుద్ధం తను లేకుండా మొదలుపెట్టేశారు! ఒళ్ళు మండిపోయింది, ఏడుపు కూడా వచ్చింది. కిటికీ దగ్గరికి పరిగెత్తి నోటికి చేతులు అడ్డుపెట్టుకుని అరిచాడు.

"సార్! తూర్పు గోడ! తూర్పు గోడ చూసుకోండి! దాని కింద సొరంగం ఉంది!"

లోపల కుర్చీ కిర్రుమంది. గడియ తీసిన చప్పుడైంది. జారిన కళ్ళజోడుతో, చెదిరిన జుట్టుతో టీచరమ్మగారి ఆయన ఒక రెక్క తెరిచి, మెకానిక్కు చొక్కా పట్టుకుని లోపలికి లాగి, మళ్ళీ గడియ వేసేశాడు.

"ప్రాణాలకు తెగించి వెళ్ళాడు" అన్నాడు డ్రైవరు. అందరూ తలూపారు.

లోపల ప్రాణాపాయం నిజంగానే ఉంది, కాకపోతే సైనికులకి. తెర మీద రాక్షసులు చీమల్లా గోడెక్కుతున్నారు.

"పొద్దున్న దుమ్ము దులుపుతూ బటన్ నొక్కాను బాబూ" అన్నాడాయన రొప్పుతూ. "ఒకడి మీద వేలు పెడితే 'ఆజ్ఞ ప్రభూ' అన్నాడు. ఎవరితో అంటున్నాడా అని వెనక్కి తిరిగి చూశాను. నాతోనే! ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నాతో ఆ మాట ఎవరూ అన్లేదు. ఫోను మోగుతూనే ఉంది కానీ, యుద్ధం మధ్యలో ప్రభువు ఫోనెత్తుతాడా?"

డిస్కు మార్చుకోవడానికి వచ్చిన మెకానిక్కు చొక్కా జేబు తడుముకున్నాడు. ప్రశ్నపత్రాల డిస్కు అక్కడే ఉంది. ఒక్క నిమిషంలో కంప్యూటరు ఆపి, ఇది పెట్టి, అది పట్టుకుని వెళ్ళిపోవచ్చు. బుద్ధిమంతుడైతే అదే చేసేవాడు. కానీ సరిగ్గా అప్పుడే ఉత్తరపు బురుజు కూలింది.

"జరగండి సార్!" అని అతను సగం కుర్చీ ఆక్రమించాడు. "విలుకాళ్ళని ఇటు లాగండి! బంగారం ఎంతుంది?"

"అంతా ఖర్చు పెట్టేశాను. జీతాలు పెంచా."

"ఎవరు పెంచమన్నారండీ?"

"అడిగారు కదా పాపం!"

బయట తలుపు బాదుతున్నారు, లోపల కోట తలుపు బాదుతున్నారు. ఏది ఏదో ఇద్దరికీ తెలియడం లేదు. అందుకే టీచరమ్మ వచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో వంటింటి వైపు తలుపు తీసుకుని, వాళ్ళ వెనక నిలబడినా చూడలేదు.

"ఏమిటిది?"

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా లేచి నిలబడ్డారు. టీచరమ్మగారి ఆయన నీళ్ళు నమిలి, నమిలి, చివరికి "టెస్టింగు" అన్నాడు.

మెకానిక్కు జేబులోంచి డిస్కు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "మీ ప్రశ్నపత్రాలు భద్రంగా ఉన్నాయి టీచర్. పొరపాటున నాది ఇందులో ఉండిపోయింది. చంపినా సరే, కాస్త... దీన్ని మాత్రం ఆపకండి. ఆపితే ఇన్నేళ్ళ కష్టం పోతుందండీ." 

టీచరమ్మ తెర వంక చూసింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుందంటే క్లాసులో ఎవడికో మూడిందని అర్థం.

"వాడెవడు? ఆ చెట్టు కింద ఊరికే నిలబడ్డాడు?"

"కలప కొట్టేవాడండీ. చెట్లు అయిపోయాయి, పని లేక..."

"పని లేకపోతే పని చెప్పాలి. అలాంటివాళ్ళు ఇంకెంతమంది?"

వెతికితే ఆ మూలా ఈ మూలా ఒక తరగతికి సరిపడా తేలారు. ఆవిడ కుర్చీలో కూర్చుంది. వాళ్ళిద్దరూ చెరోపక్కా నిలబడ్డారు. ఊరికే నిలబడ్డవాళ్ళందరూ గోడ కట్టడానికి బయల్దేరారు. విలుకాళ్ళు దిబ్బెక్కారు. జీతాలు పెంచమన్నవాళ్ళు తూర్పు వైపు కాపలాకి పోయారు. ప్రతివాడూ "ఆజ్ఞ ప్రభూ!" అన్నాడు. ఆవిడ దానికి మురిసిపోలేదు. ఆవిడకి అది రోజూ వినే మాటే.

"ఆ గుహలో పడుకున్నదేమిటి?"

"డ్రాగనండీ. చివర్లో వాడదామని దాచుకున్నాను."

"ఎప్పట్నుంచి?"

మెకానిక్కు నేల చూపులు చూస్తూ "రెండేళ్ళ నుంచి" అన్నాడు.

"వెనక బెంచీలో నిద్రపోనిచ్చినవాడు పరీక్ష రోజున లేచి రాస్తాడట్రా? లేపు!"

లేపారు. డ్రాగన్ ఒళ్ళు విరుచుకుని, కొండ దాటి, నల్లకోట మీద నిప్పులు కక్కింది. ఏళ్ళ తరబడి చెక్కుచెదరని కోట, టీ కాచుకునేంత సేపట్లో బూడిదైపోయింది. బాకాలు మోగాయి. టీచరమ్మగారి ఆయన చప్పట్లు కొట్టి, భార్య మొహం చూసి, మధ్యలో ఆపాడు. మెకానిక్కుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గెలిచాడు, నిజమే. కానీ పొద్దున్న లేవగానే వెళ్ళి గెలవడానికి ఇప్పుడతనికి ఏ కోటా మిగల్లేదు.

"ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లు వారాల తరబడి నీ దగ్గర ఉంచుకునేది ఇందుకన్నమాట" అంది టీచరమ్మ. అతను తల ఇంకాస్త దించాడు. ఆవిడ కంప్యూటరు ఆపించింది, మూత విప్పించింది, డిస్కులు మార్పించింది. అతని డిస్కుని రుమాల్లో చుట్టింది.

"ఇందులో ఇంకో భాగం కూడా ఉందిట" అన్నాడు ఆయన మెల్లగా, ఆశగా.

"ఉందా?" టీచరమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత రుమాలు మూటని తన చేతిసంచిలో వేసి జిప్పు లాగేసింది. "క్లాసులో దొరికిన వస్తువు ఎవరికైనా ఒకటే రూలు. మీ ఇంట్లోవాళ్ళని తీసుకొచ్చి పట్టుకెళ్ళు."

మెకానిక్కు చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది. ఇంట్లోవాళ్ళంటే కర్టెను అవతలి మనిషే. టెస్టింగంటే ఏమిటో ఆవిడకి తన నోటితో తనే చెప్పాలి.

"మరి నేనెవర్ని తీసుకురావాలి?" అన్నాడు టీచరమ్మగారి ఆయన.

"మీరు ముందు బయట బకెట్లు పట్టుకు నిలబడ్డవాళ్ళకి సమాధానం చెప్పండి."

మర్నాడు సాయంత్రానికల్లా షాపులో ఉన్న కంప్యూటర్లన్నీ టెస్టింగు లేకుండానే బాగుపడిపోయాయి. మా ఆయనకి ఒంట్లో ఏదో బాగోలేదని భార్య డాక్టరుకి ఫోను చేసింది.