పది లక్షల రోజుల పెట్టె

"ఇవాళ్టి నుంచి సరిగ్గా పది లక్షల రోజులకు ఈ ఊరి ప్రజలు మన పేర్లు తలుచుకుని ఆనందబాష్పాలు రాలుస్తారు!"

పురపాలక సంఘం అధ్యక్షులవారు ఈ మాట అంటూ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దారు. బల్ల నాలుగో కాలి కింద ఉన్న ఇటుకముక్క కాస్త పక్కకు జరిగింది. సభ్యులంతా చప్పట్లు కొట్టారు. ఇప్పటి ప్రజలు తమ పేర్లు తలుచుకుని ఏం రాలుస్తున్నారో వాళ్ళకు తెలుసు. అందుకే తలుచుకునే కార్యక్రమం అంత దూరం వాయిదా పడటం అందరికీ నచ్చింది.

సంగతేమిటంటే, ఓ స్టీలు పెట్టె చేయించాలి. అందులో ఈ పాలకవర్గం సాధించిన ఘనకార్యాలను స్టీలు రేకుల మీద చెక్కించి పెట్టాలి. ఆఫీసు ముందు గొయ్యి తీసి పాతిపెట్టాలి. పది లక్షల రోజుల తర్వాత తెరవాలి. లక్ష మరీ నాసిగా ఉంది, కోటి అంటే జనం అత్యాశ అనుకుంటారు అని అధ్యక్షులవారు ఎంతో వినయంగా పది లక్షల దగ్గర ఆగారు.

"మూత మీద తెరవాల్సిన తారీఖు చెక్కించాలి. ఆ తారీఖు లెక్క కట్టే బాధ్యత సూపరింటెండెంటుది" అన్నారు.

సూపరింటెండెంటుకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. జీతం తీసుకునేటప్పుడు తప్ప అది ఎవరికీ అవసరం పడలేదు. ఊరందరికీ ఆయన 'రేపుగారు'. ఏ పని మీద వచ్చినవాణ్ణయినా ఆయన లేచి నిలబడి, కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, చెప్పిందంతా చెవి ఒగ్గి విని, చివర్న చల్లగా "రేపు రండి" అనేవాడు. కసురుకోవడం, విసుక్కోవడం ఆయన వంశంలో లేదు. అంత మర్యాదగా తిప్పించుకునే మనిషి చుట్టుపక్కల ఎక్కడా లేడని జనమే ఒప్పుకునేవారు. రేపు అన్నదాన్ని దాటి ఒక్క రోజు కూడా ముందుకు చూడని మనిషి నెత్తిన ఇప్పుడు పది లక్షల రోజులు పడ్డాయి!

ఆయన కాల్‌క్యులేటరు ముందు పెట్టుకుని కూర్చున్నాడో లేదో, ఎదుటి కుర్చీలోకి బడి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి కూర్చుంది.

"నమస్కారమండీ సూపరింటెండెంటు గారూ. బడి ముందు కాలువ సంగతి మాట్లాడదామని వచ్చాను. రెండు పాత కరెంటు స్తంభాలు అడ్డంగా పడేసి వంతెన అంటున్నారు. నిన్న మూడో తరగతి పిల్ల జారిపడింది. చెయ్యి విరిగింది."

"అయ్యయ్యో! కూర్చోండి మేడం. మంచినీళ్ళు తెప్పించనా?"

"కూర్చునే ఉన్నాను. వంతెన ఎప్పుడు కడతారు?"

"రేపు..." అనబోయి ఆయన నాలిక్కరుచుకున్నాడు. ఎందుకంటే హెడ్‌మిస్ట్రెస్ ఆయన భార్య. ఆఫీసులో ఆవిడ ఏనాడూ చుట్టరికం కలపదు. "అధ్యక్షులవారు చాలా పెద్ద పనిలో ఉన్నారు మేడం. పెట్టె వ్యవహారం తేలాక చూద్దాం" అని ముగించాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి "కాస్త కాఫీ ఇస్తావా?" అని అడిగితే, ఆవిడ లేచి, కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇచ్చి, "పెట్టె వ్యవహారం తేలాక చూద్దామండీ" అంది.

చేసేది లేక ఆయన నీళ్ళు తాగి లెక్క మొదలుపెట్టాడు. పది లక్షల్ని మూడు వందల అరవై అయిదుతో భాగించాడు.

"లీపు సంవత్సరాలు మింగేశారు" అంది ఆవిడ, పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ, తల ఎత్తకుండానే.

నాలుగేళ్ళకోసారి వచ్చే రోజు కలిపాడు. నూరేళ్ళకోసారి తీసేశాడు. నాలుగు వందల ఏళ్ళకోసారి తీసేసింది మళ్ళీ కలిపాడు. చివరకు రెండు వేల ఏడు వందల ముప్పై ఏడేళ్ళు, పైన దగ్గర దగ్గర పదకొండు నెలలు తేలింది. తేలగానే ఆయనకు గర్వం పుట్టింది. తన చేత్తో రాసిన తారీఖు అంత దూరాన బతికి ఉంటుందన్నమాట!

"అదెంత దూరమో తెలుసా మీకు?" అంది ఆవిడ పెన్ను పక్కన పెట్టి. "తరానికి పాతికేళ్ళు వేసుకున్నా నూట తొమ్మిది తరాలు. మీ తాతగారి పేరేంటి?"

చెప్పాడు.

"ఆయన నాన్నగారి పేరు?"

కాస్త తడుముకుని చెప్పాడు.

"ఆయన నాన్నగారి పేరు?"

రేపుగారు గోడకేసి చూశాడు. గోడ కూడా చెప్పలేదు.

"సొంత ముత్తాత తండ్రి పేరు మీకే తెలియదు. అటువైపు నూట తొమ్మిదో తరంవాడు మీ అధ్యక్షుణ్ణి తలుచుకుని ఏడుస్తాడా!"

మర్నాడు ఆయన ఈ మాటనే కొంచెం పంచదార పూసి అధ్యక్షులవారికి విన్నవించాడు. ఆయన ఫెళ్ళున నవ్వారు. "పిచ్చివాడా! మీ ముత్తాత తండ్రి స్టీలు రేకుల మీద చెక్కించుకోలేదు. అదీ తేడా!"

అసలు గొడవ ఆ తర్వాత జరిగిన సమావేశంలో వచ్చింది. పెట్టె పాతిపెట్టేది శనివారం. పది లక్షల్ని ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అంటే, తెరిచే రోజు ఆదివారం!

ఉద్యోగుల సంఘం కార్యదర్శి పామును తొక్కినట్టు లేచాడు. "ఆదివారం పని చేయించడమా? ఒప్పుకోం!"

"చేసేది మీరు కాదు కదయ్యా. ఇంకా రెండు వేల ఏడు వందల ఏళ్ళు ఉంది" అన్నారు అధ్యక్షులవారు.

"ఇవాళ మనం నోరు మూసుకుంటే రేపు పుట్టబోయే గుమాస్తాలు మనల్ని క్షమిస్తారా?"

"పోనీ, పాతిపెట్టేది ఆదివారానికి మారుద్దాం. అప్పుడు తెరిచేది సోమవారం అవుతుంది."

"అయితే మేం ఆదివారం రావాలా? చచ్చినా రాం!"

శుక్రవారం పెడదామని ఒకరన్నారు. శుక్రవారం తన బామ్మర్ది కొత్త కారు కొనుక్కుంటున్నాడనీ, తాను తప్పక వెళ్ళాలనీ అధ్యక్షులవారు సెలవిచ్చారు. ఆ బామ్మర్దే పెట్టెకూ గోతికీ కాంట్రాక్టరు. రెండు గంటల వాదోపవాదాల తర్వాత తీర్మానం పాసయింది: సదరు ఆదివారం విధులకు హాజరయ్యే సిబ్బందికి బదులు సెలవూ, రెట్టింపు భత్యమూ, రానూపోనూ రవాణా సౌకర్యమూ ఇవ్వబడును. ఉద్యోగుల సంఘం కార్యదర్శి కళ్ళు తుడుచుకున్నాడు. కాలువలో పడి చెయ్యి విరిగిన పిల్ల సంగతి ఎజెండాలో పదిహేడో అంశంగా ఉంది. సమయాభావం వల్ల పదహారు దగ్గరే సభ ముగిసింది.

ఇక రేకుల మీద ఏం చెక్కాలన్నది మిగిలింది. అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని చెబుతుంటే రేపుగారు రాసుకుంటున్నాడు.

"ప్రతి వీధికీ కుళాయి. రాసుకో."

"తొమ్మిది వీధులకు లేదండీ."

"పది లక్షల రోజుల తర్వాత ఎవడొచ్చి తిప్పి చూస్తాడయ్యా? రాయి. ప్రతి స్తంభానికీ దీపం. ఆసుపత్రిలో రాత్రింబగళ్ళు డాక్టరు."

"డాక్టరు పోస్టే లేదండీ."

"అప్పటికి ఆసుపత్రీ ఉండదు, రోగులూ ఉండరు. నీకెందుకు బాధ? రాయి. బడి ముందు కాలువ మీద ఇనుప రెయిలింగుతో పన్నెండడుగుల కాంక్రీటు వంతెన."

రేపుగారి కలం ఆగింది. పిండికట్టు వేసిన చిన్న చెయ్యి ఒకటి కళ్ళ ముందు మెదిలింది. "అదొక్కటీ వదిలేద్దామండీ" అన్నాడు చిన్న గొంతుతో.

"ఏం, వంతెన పొడుగు చాల్లేదా? పదిహేనడుగులు వేసుకో!"

ఆయన పన్నెండే రాశాడు. ఆ మాత్రం నిజాయితీ చూపించానని తనను తాను ఓదార్చుకున్నాడు. రేకు అడుగున అధ్యక్షులవారి సంతకం, దాని కింద 'వివరాలు సరిచూసినవారు: సూపరింటెండెంటు' అని చెక్కారు.

శనివారం ఉదయం పెట్టె గోతిలోకి దిగింది. ఉపన్యాసాలు పట్టినంతసేపు గొయ్యి పూడ్చడం పట్టలేదు. పన్నెండడుగుల లోతని బిల్లు. మోకాలి లోతని గొయ్యి. మందపాటి స్టీలని బిల్లు. బిస్కట్ల డబ్బా రేకని పెట్టె.

పదకొండో రోజున, బుధవారం రాత్రి, వాన పడింది. తుఫానేం కాదు, మామూలు వానే. కానీ ఊళ్ళో కాలువలన్నీ పూడిపోయి ఉన్నాయేమో, నీళ్ళు ఆఫీసు ముందుకు చేరి, గోతిలో దూరి, పైన వేసిన సిమెంటు పలకను అప్పడంలా నానబెట్టాయి. పెట్టె పైకి లేచింది. ఊరి ఘనకార్యాలన్నీ లోపలే ఉన్నా, బరువంటూ ఏమీ లేదు కాబట్టి హాయిగా తేలింది. తేలుతూ తేలుతూ వీధులన్నీ తిరిగి, బడి ముందు కాలువలో ఆ రెండు కరెంటు స్తంభాలకు తగులుకుని ఆగింది.

గురువారం పొద్దున రేపుగారు పరిగెత్తుకు వెళ్ళేసరికి అక్కడ సగం ఊరుంది. మూత ఎక్కడో కాలువలో కలిసిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ గట్టు మీద నిలబడి రేకు నీళ్ళు దులిపి, పాఠం చెప్పే గొంతుతో చదువుతోంది. ఒక్కో వాక్యానికీ జనం గొల్లున నవ్వుతున్నారు. నవ్వు ముదిరితే ఏమవుతుందో తెలిసిన అధ్యక్షులవారు అప్పుడే కారు దిగారు.

"పది లక్షల రోజులన్నారు కదయ్యా! అప్పుడే తెరుచుకుందేం?" అని ఎవరో అరిచారు.

అధ్యక్షులవారు రేపుగారి మోచెయ్యి గిల్లారు. "ఏదో ఒకటి చెప్పవయ్యా!"

ఏదో ఒకటి చెప్పి సర్దేసే ఇరవై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా! రేపుగారి నోటి వెంట దానంతటదే వచ్చేసింది. "పది లక్షల సెకన్లంటే... పదకొండున్నర రోజులండీ."

"విన్నారా!" అధ్యక్షులవారు చేతులు పైకెత్తారు. "రోజులని ఎవరన్నారు? సెకన్లు! మొన్నటి వారం కాక ముందటి శనివారం పొద్దున పెట్టాం, సరిగ్గా పదకొండున్నర రోజులకు నిన్న బుధవారం రాత్రి తెరుచుకుంది. చెప్పిన వేళకు చెప్పినట్టు తెరుచుకున్న పెట్టె ప్రపంచంలో ఇంకోటి ఉందా?"

జనం నోళ్ళు తెరిచారు. హెడ్‌మిస్ట్రెస్ భర్త వైపు ఒక్కసారి చూసింది. కోపమైనా బాగుండేది. తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి కాదు, సరైన లెక్క చేసి కాపీ ఇచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. రేపుగారు కాలువలోకి తల దించుకున్నాడు.

"అయితే సార్, లోపల రాసిందంతా నిజమేనా?" అని ఆవిడ అడిగింది.

"అక్షరం అక్షరం!" అన్నారు అధ్యక్షులవారు, అంతమంది ముందు.

"చాలండీ" అని రేకు చంకన పెట్టుకుని ఆవిడ నేరుగా పోలీసు స్టేషనుకు నడిచింది. జనం వెంట నడిచారు. రేపుగారి కాళ్ళు కూడా నడిచాయి.

"ఏం పోయింది టీచరమ్మా?" అన్నాడు ఎస్సై.

"వంతెన."

ఎస్సై పెన్ను గాల్లో ఆగింది. "వంతెనా?"

"పన్నెండడుగులది. ఇనుప రెయిలింగుతో సహా పోయింది."

"చివరిసారి మీరు ఎప్పుడు చూశారు?"

"నేను ఎప్పుడూ చూడలేదండీ. కానీ ఉందని అధ్యక్షులవారు సంతకం పెట్టారు. అంత పెద్దాయన అబద్ధం ఆడరు కదా! కాబట్టి ఎవరో ఎత్తుకుపోయి ఉండాలి."

ఎస్సై వెంటనే అధ్యక్షులవారికి ఫోను చేశాడు. అవతల అధ్యక్షులవారు లెక్క వేసుకున్నారు. లేదంటే అబద్ధమాడినట్టు, ఉందంటే చూపించాలి. దొంగతనమంటే మాత్రం తప్పు దొంగది! "అవునయ్యా, దొంగతనమే. ఎంత ఘోరం!" అన్నారాయన.

అయితే పిల్లలు వెళ్ళే దారి కనుక, పోయిన సొత్తు ఎప్పుడు దొరుకుతుందని జనం ఆఫీసు ముందు కూర్చున్నారు. వాళ్ళను లేపాలంటే వంతెన దొరకక తప్పలేదు. వారం తిరక్కుండానే దొరికింది. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. ప్రారంభోత్సవం రోజున అధ్యక్షులవారు తెర లాగారు. పలక మీద బంగారు అక్షరాలు: 'అపహరణకు గురైన ఈ వంతెనను అధ్యక్షులవారు ప్రాణాలకు తెగించి గాలించి తెచ్చి, యథాస్థానమున నిలిపినారు.'

ఆయన మెడ నిండా దండలు. చెయ్యి విరిగిన పిల్ల, పిండికట్టుతోనే, అందరికంటే ముందు వంతెన మీద గంతులేస్తూ దాటింది. ఉపన్యాసం మధ్యలో ఉన్న సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు తెల్లారేసరికి పోలీసు స్టేషను ముందు వరుస వీధి మలుపు దాటింది.

"మా వీధి కుళాయి పోయిందండీ. రెండో రేకులో ఉంది."

"ఆసుపత్రిలో డాక్టరు పోయారండీ."

"అయ్యో, ఎప్పుడు చనిపోయారు?"

"చనిపోవడం కాదండీ, ఎత్తుకుపోయారు. రేకులో ఉన్నారు, కుర్చీలో లేరు."

ఎస్సై రాసి రాసి చెయ్యి విదిలించుకుంటూ తల ఎత్తేసరికి ఎదురుగా సూపరింటెండెంటు నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. వారం రోజులుగా ఇంట్లో ఆయనతో ఎవరూ మాట్లాడటం లేదు.

"మీరేంటి సార్ ఇక్కడ?"

"మా వీధి దీపం పోయిందండీ. మా ఆవిడ చీకట్లో నడిచి వస్తోంది."

"దీపం ఉండేదనడానికి సాక్షి ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానండీ. రాసింది నేనే."

ఎస్సై ఆయన్ని ఎగాదిగా చూశాడు. గొంతు తగ్గించి, "నిజం చెప్పండి సార్, అసలు లేదనడానికో?" అన్నాడు.

రేపుగారు వెనక ఉన్న వరుసంతటికీ వినపడేలా చెప్పాడు.

"దానికీ నేనేనండీ సాక్షి. అది కూడా రాసుకోండి."