పైన ఉన్న దరఖాస్తు

ఆ ఉదయం మెకానిక్ చెయ్యవలసిన పని ఒక్కటే. కంప్యూటరులో ఒక బటన్ నొక్కాలి. సంగీతం డిగ్రీకి దరఖాస్తును కూతురు ముందురోజే నింపి, పాడిన పాటను జతచేసి, తీరా పంపబోయేసరికి కరెంటు పోయింది. తెల్లారితే ఆ పిల్లకు ఇంటర్ పరీక్ష. "నాన్నా, అంతా అయిపోయింది. దాచిన దరఖాస్తు తెరిచి, 'పంపు' అని నొక్కు చాలు. సాయంత్రం ఐదింటికి గడువు. ఇంకేమీ ముట్టుకోకు," అని గుమ్మంలో చెప్పులేసుకుంటూ మూడుసార్లు చెప్పింది. "ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి, ఒక్క బటన్ నొక్కలేనా?" అన్నాడాయన.

నొక్కాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. తెర మీద దాచిన దరఖాస్తులు రెండున్నాయి. వాటి పక్కన అంకెలే తప్ప పేర్లు లేవు. రెంటికీ 'పూర్తయింది' అని పచ్చరంగులో ఉంది. పిల్ల కంగారులో రెండుసార్లు దాచి ఉంటుందనుకుని, పైన ఉన్నదాన్ని పంపేసి, చేతులు దులుపుకుని దుకాణానికి వెళ్ళిపోయాడు. మర్నాడు రసీదు వచ్చింది. అభ్యర్థి పేరు అన్నచోట భార్య పేరుంది. వయసు నలభై తొమ్మిది.

భార్య పోయి పదకొండు నెలలైంది. ఇంట్లోనే నలుగురికీ బట్టలు కుట్టేది, కుడుతూ పాడేది. ఆవిడ ఎప్పుడో ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు నింపి, పాట జతచేసి, చివరి బటన్ దగ్గర ఆగిపోయిందన్నమాట. ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి తనకొక్క మాటైనా చెప్పలేదని ఆయనకు మొదట కోపం వచ్చింది. చెప్పి ఉంటే తను నవ్వి ఉండేవాడేనని తట్టాక, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

కూతురితో అనకుండా కాలేజీ ఆఫీసుకు పరిగెత్తాడు. అక్కడి గుమాస్తా సాయం చెయ్యడం మొదలుపెడితే ఎవరూ ఆపలేని మనిషి. "ఆలస్య దరఖాస్తులు ఇవాళ కూడా తీసుకుంటున్నాం సార్, మీ అమ్మాయిది ఇప్పుడే పంపేద్దాం," అని దగ్గరుండి పంపించాడు. తర్వాత మొదటి దరఖాస్తు తెరిచి చూశాడు. "ఇది పోయినేడు నింపింది. రెండేళ్ళ దాకా చెల్లుతుంది లెండి. దీన్ని ఉంచాలా, తీసెయ్యాలా? తీసెయ్యాలంటే మేడమ్ వచ్చి సంతకం పెట్టాలి."

"ఆవిడ వచ్చే వీల్లేదండీ."

"ఊళ్ళో లేరా?"

"లేదండీ."

ఒక్క మాట చెబితే అక్కడితో తేలిపోయేది. కానీ ఆ మాట ఆయన పదకొండు నెలలుగా ఎవరితోనూ అనలేదు. ఇరుగుపొరుగు వాళ్ళే ఒకరికొకరు చెప్పుకుని ఆయనకు ఆ శ్రమ తప్పించారు. పైగా, ఆవిడ నొక్కలేకపోయిన బటన్ తన చేత్తో నొక్కాక, మళ్ళీ తన చేత్తోనే కొట్టెయ్యమనడానికి మనసొప్పలేదు. "ఉండనివ్వండి," అన్నాడు.

ఐదోరోజున గుమాస్తా ఫోన్ చేశాడు. "మేడమ్‌కి ఒకసారి ఫోనివ్వండి సార్, పాట పరీక్ష వేళ చెప్పాలి."

"ఆవిడతో మాట్లాడించలేనండీ."

"గొంతు పోయిందా ఏమిటి?"

మెకానిక్ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకునేలోపే గుమాస్తా అందుకున్నాడు. "అయ్యయ్యో, పాడే మనిషికి ఎంత కష్టం! డాక్టర్లేమన్నారు?"

"వాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారండీ."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఫోనుకు అవతల గుమాస్తా మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. జబ్బుపడి రాలేనివాళ్ళకు, పంపిన పాటనే పరీక్షగా లెక్కగట్టవచ్చని ఒక నిబంధన ఉంది. ఇరవై ఏళ్ళుగా దాని మొహం ఎవరూ చూడలేదు. గుమాస్తా దాని దుమ్ము దులిపి, ప్రిన్సిపాల్ చేత సంతకం పెట్టించి, మళ్ళీ ఫోన్ చేశాడు. "మేడమ్‌ని బెంగపడొద్దనండి. అంతా నేను చూసుకుంటా." ఇంత మేలు చేసిన మనిషికి ఇప్పుడు అసలు సంగతి చెబితే ఏమైపోతాడోనని మెకానిక్‌కు ఇంకో బెంగ పట్టుకుంది.

పరీక్షరోజున వరండాలో బల్లల నిండా పిల్లలు. ఒకడు గొంతు సవరించుకుంటున్నాడు, ఒకతి ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగుతోంది. కూతురి వంతు తర్వాతిదే. ఓరగా వేసిన తలుపులోంచి ముందు కుట్టుమిషను చప్పుడు వినిపించింది. ఆ తర్వాత గొంతు.

అమ్మాయి కొయ్యబారిపోయింది. "నాన్నా, లోపల అమ్మ పాడుతోంది."

"మిషను బెల్టు వదులైంది," అన్నాడు మెకానిక్. ఆ బెల్టు మార్చమని ఆవిడ నెల్లాళ్ళపాటు అడిగింది. ఊరందరి మిషన్లూ బాగుచేశాడు గానీ ఆ ఒక్కటీ రేపు రేపంటూ ఉండిపోయాడు. ఆ పాటను అంతవరకు తెరిచి వినే ధైర్యం కూడా చెయ్యలేదు. ఇప్పుడిక దాచేందుకేమీ లేక, జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేశాడు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాలంటే ఆ మాట అనాలి కదమ్మా."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, ఆయన చొక్కా చేతికి మొహం తుడుచుకుంది. అంతలో పిలిచారు. ఆ గొంతుతో, ఆ కళ్ళతో లోపలికి వెళ్ళింది. ఏడాదంతా సాధన చేసిన పాట రెండో చరణంలో జీరపోయి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. బయట మెకానిక్ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకుని కూర్చున్నాడు. ఒక బటన్ తప్పు నొక్కి పిల్ల బతుకు పాడుచేశానని ఆయనకు రూఢిగా తెలిసిపోయింది.

వారానికి ఫలితాలు నోటీసుబోర్డులో పెట్టారు. మిగిలింది ఒక్క సీటు. దానికి ఎంపికైంది భార్య. వెయిటింగ్ లిస్టులో ఒకటో నంబరు కూతురు.

గుమాస్తా కౌంటరు దిగి ఎదురొచ్చాడు. "సీటు మేడమ్‌కే సార్! ముగ్గురు పరీక్షకులూ ఒకే మాట. వెనక తాళం వేసిందెవరో గానీ భలే ఉందన్నారు!"

"కుట్టుమిషనండీ."

"అలాగా! ఇంతకీ మేడమ్ గొంతు ఎలా ఉంది?"

కూతురు తండ్రి మొహంలోకి చూసింది. ఆయన కౌంటరు అంచు పట్టుకున్నాడు. "చనిపోయింది," అన్నాడు. "ఏడాది కావస్తోంది."

గుమాస్తా మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. పదిహేను రోజులుగా ఆ గొంతు బాగవ్వాలని రోజూ కోరుకున్న మనిషి. కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఎంతైనా గుమాస్తా కాబట్టి, సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "సీటు వదులుకునే పత్రం. ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టొచ్చు. ఇది పెడితే సీటు వెయిటింగ్ లిస్టులో ఒకటో నంబరుకు వెళ్తుంది." ఆ తర్వాతి మాట అనడానికి ఆయన కూడా తడబడ్డాడు. "కారణం రాయాలి సార్."

మెకానిక్ సంతకం పెట్టాడు. కారణం దగ్గర కలం ఆగిపోయింది. కూడగట్టుకున్న బలమంతా ఆ మాట ఒకసారి అనడానికే సరిపోయింది.

"నేను రాయనా నాన్నా?"

"వద్దమ్మా, నేనే రాస్తాను." రాసి, కాగితం ముందుకు తోశాడు. గుమాస్తా రెండుసార్లు చదువుకుని, ముద్ర వేశాడు.

అభ్యర్థి చేరకపోవడానికి కారణం: కూతురు చేరుతోంది.