జీన్ ముందర జోయా

గురువారం ఉదయం నిర్మాత అచ్యుతరామయ్య పెట్టుకున్న పనులు రెండే: ఇంటి ఓనరుతో కాఫీ, ఆ తర్వాత ప్రచారం కంపెనీతో బేరం. సినిమా విడుదల రేపే. ఇదీ పోతే ఫిల్మ్ నగర్‌లో ఆయన ఆఫీసుకు తాళం పడ్డట్టే.

ఓనరు వెంకటనర్సయ్యది ఎర్రగడ్డలో పప్పుల వ్యాపారం. కూతురు మంజులత పరిశోధకురాలు. సోయా, బఠాణీ, అలసంద గింజల్లో ప్రొటీన్ తయారుచేయించే జీన్ల ముందు ఉండే డీఎన్ఏ ముక్కలను పక్కపక్కన పెట్టి పోలుస్తుంది. ఆ ముక్కను ప్రమోటర్ అంటారు. తండ్రికి పేరు తెలుసు, ముక్క తెలియదు.

"మా బిడ్డకు పొద్దుమాపు ప్రమోటర్ల పనే సార్."

ప్రమోటర్లంటే సినిమా ప్రచారం చేసేవాళ్ళనుకుని అచ్యుతరామయ్య కప్పు దించాడు. "అందర్లోకీ గట్టివాళ్ళెవరండీ?"

"సోయాదే గట్టిదట."

"జోయానా? ఆవిడెక్కడుంటారండీ?"

"ఎప్పుడు చూసినా జీన్ ముందరనే ఉంటదట."

మంజులత ల్యాబ్‌లో ఉంటే ఫోను ఎత్తదు. అచ్యుతరామయ్య ఆగలేదు. కంపెనీకి ఫోన్ చేసి, "మీరక్కర్లేదండీ, మాకు జోయాగారున్నారు" అనేసి, జీన్స్ దుకాణాల వెంట పడ్డాడు.

"జోయా ఉందాండీ?"

"ఉంది సార్, సైజెంత?"

సాయంత్రానికి రెండు ప్యాంట్లతో తిరిగొచ్చాడు. మంజులత తల పట్టుకుంది. "అయ్యో అంకుల్! సోయా అంటే గింజ. ప్రమోటర్ అంటే స్విచ్ లెక్క. జీన్ యాడ, ఎప్పుడు పనిచెయ్యాల్నో చెప్తది. గంతే!"

కంపెనీ అప్పటికే వేరే సినిమా ఒప్పుకుంది. అచ్యుతరామయ్య మెట్ల మీద కూలబడ్డాడు.

"మా తణుకులో రిక్షాకి మైకు కట్టుకొచ్చేవారండీ. రంగు కాగితాల కోసం చెప్పులొదిలేసి పరిగెత్తేవాళ్ళం. సినిమా పేర్లు మర్చిపోయాను, ఆ కాగితాల వాసన మర్చిపోలేదు."

"మైకు ఇనబడితే మా అమ్మ చేతిల చాట పడేసి ఉరికొచ్చేది," అన్నాడు నర్సయ్య. "నా సరుకు ఆటో ఉంది గదా సార్. మైకు కడదాం పాండ్రి."

తెల్లవారి ఆటో ఎర్రగడ్డ మార్కెట్లో తిరిగింది. పప్పు బస్తాలు దించడం ఎవరికీ తట్టలేదు. "టికెట్ కొంటే కందిపప్పు ఇస్తరంట!" అని ఎవరో అన్నారు. థియేటర్ ముందు జనం లైను కట్టారు. ఆడవాళ్ళు సంచులతో వచ్చారు.

"కొంప మునిగిందండీ!"

"ఏం మునగలే. కాదంటే జనం పోతరు, ఔనంటే పప్పు పోతది. పప్పు నేను మళ్ల తెస్త. జనాన్ని మీరు యాడికెల్లి తెస్తరు?" అంటూ నర్సయ్య బస్తా మూతి విప్పాడు.

మొదటి ఆట నిండింది. రెండో ఆటకు పప్పు అయిపోయింది, జనం తగ్గలేదు.